బిరడా బయటికి రానంటోందా? (ఫోన్-ఇన్)

వ్యాఖ్యాత: అమెరికాలోని తెలుగు శ్రోతలందరికీ నమస్కారం. వైన్ సీసాలకు వేసే ప్లాస్టిక్ బిరడాలతో పడే తిప్పలే ఈరోజు మన టాపిక్. కాలిఫోర్నియా రెస్టారెంట్‌లో పనిచేసే మన అతిథి లైన్లో ఉన్నారు. మొదటి కాల్ డల్లాస్ నుంచి. చెప్పండి.

శ్రోత (డల్లాస్): నమస్తే అండి. సీసా నా చేతిలోనే ఉంది, రాత్రికి చుట్టాలొస్తున్నారు, టెన్షన్‌గా ఉంది. రెక్కలు లేచే ఓపెనర్‌తో తిప్పాను. రెక్కలు కిందికి నొక్కితే మర ఒక్కటే ఊడి చేతికొచ్చింది. బిరడా ఇసుమంత కూడా కదల్లేదు.

వ్యాఖ్యాత: మీ దగ్గర రేడియో సౌండ్ కొంచెం తగ్గించండి.

అతిథి: ఆ మరని మొన వైపు నుంచి చూడండి. మధ్యలో అగ్గిపుల్ల దూరేంత ఖాళీ ఉందా?

శ్రోత: లేదండి. నడుమ గట్టి కడ్డీ, చుట్టూ మెట్లు.

అతిథి: తంటా అక్కడే ఉంది. అది పట్టుకోదు, తొలిచేస్తుంది. అసలు కార్క్ అంటే ఓక్ చెట్టు బెరడు, మర గుచ్చితే సులువుగా దారిస్తుంది. మీ సీసా బిరడా పాలిథిలీన్ అనే ప్లాస్టిక్ నురగ. లోపలికి వెళ్లిన ఇనుమును చుట్టూ నొక్కి పట్టేస్తుంది, అందుకే తిప్పడానికి బలం కావాలి. మీకు స్ప్రింగులా మెలి తిరిగిన మర కావాలి. దానికి నాన్‌స్టిక్ పూత ఉంటే ఇంకా హాయి. వెయిటర్ల దగ్గర ఉండే మడత ఓపెనర్ లేదా?

శ్రోత: ఒక్క నిమిషం... సొరుగులో ఉంది! ఎవరో ఫ్రీగా ఇచ్చింది.

అతిథి: మంచిది. 1882లో కార్ల్ వీంకే అనే జర్మన్ పేటెంట్ తీసుకున్నది ఈ మడత రకానికే, ఇప్పటికీ నేను జేబులో పెట్టుకునేది అదే. పాత చిల్లును వదిలేసి, పక్కన మొన గుచ్చండి. నిటారుగా తిప్పండి. చెట్టు కార్క్ అయితే పొడి రాలుతుందని చివరి చుట్టు బయటే వదిలేస్తాం. దీనికి ఆ భయం తక్కువ, మొత్తం దించేయండి.

శ్రోత: దిగింది. బాగా బిగుతుగా ఉంది.

అతిథి: ఓపెనర్‌కి పక్కన మడత పడే మీటకు రెండు గాట్లు ఉంటే, పై గాటును సీసా అంచుకు ఆనించి, అది జారకుండా ఎడమచేత్తో అంచును, మీటను కలిపి పట్టుకోండి. పిడిని పైకి లాగండి. సగం వచ్చాక కింది గాటు. పక్కకి వంచొద్దు.

శ్రోత: వస్తోంది... వచ్చేసింది అండీ!

అతిథి: ఇప్పుడు మర నుంచి బిరడా తీయడం ఇంకో పని. బిరడాని గుడ్డతో గట్టిగా పట్టుకుని, దాన్ని కాకుండా పిడిని వెనక్కి తిప్పండి.

వ్యాఖ్యాత: శుభం. న్యూజెర్సీ నుంచి ఇంకొకరు.

శ్రోత (న్యూజెర్సీ): అన్నయ్యా, మా ఇంట్లో రెండు పలకల ఓపెనర్ ఉంది. అంచుల్లో దూర్చి తిప్పి తీసేది.

అతిథి: పాత సీసాల్లో పిండైపోయిన కార్క్‌కి బ్రహ్మాండంగా పనిచేస్తుందమ్మా. ప్లాస్టిక్ బిరడాకు మాత్రం వాడకండి. పలకలు దూరే సందు సరిగ్గా ఇవ్వదు. బలవంతం చేస్తే బిరడా సీసాలోకి పోతుంది.

శ్రోత: ఏదీ లేకపోతే, బూటులో సీసా పెట్టి గోడకు కొట్టడం వీడియోల్లో చూశాను...

అతిథి: వద్దమ్మా, గాజు. లైటరుతో మెడ వేడి చేయడం కూడా వద్దు, పగులుతుంది. పొడవాటి చెక్క స్క్రూ ఒకటి శుభ్రంగా కడిగి, కొంచెం తల బయట ఉంచి బిగించి, పటకారుతో లాగండి. సీసా మెడకు తువ్వాలు చుట్టండి.

వ్యాఖ్యాత: ఒక చిన్న ప్రశ్న. మిగిలిన వైన్‌కి అదే బిరడా మళ్లీ పెట్టొచ్చా?

అతిథి: చాలాసార్లు పట్టదు. బయటికి రాగానే ఉబ్బుతుంది. రబ్బరు మూత ఒకటి కొనండి, ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు రోజుల్లో తాగేయండి. సూదితో గుచ్చి గ్లాసు గ్లాసుగా తీసే పరికరం ఉన్నవాళ్లూ జాగ్రత్త. చెట్టు కార్క్‌లో ఆ రంధ్రం తనంతట తానే మూసుకుంటుంది, ప్లాస్టిక్‌లో మూసుకోదు. గాలి దూరుతూనే ఉంటుంది.

వ్యాఖ్యాత: తర్వాతి కాల్ అట్లాంటా నుంచి. హలో, వినిపిస్తోందా అండి?