ఫీజు రసీదులో లేని చదువు

సభకు వచ్చిన పెద్దలకు, తల్లిదండ్రులకు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలకు నమస్కారం.

నేను బెంగళూరులో లెక్కలు చెప్పే ఉపాధ్యాయురాలిని. మా పుట్టిల్లు బాగేపల్లి దగ్గర ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. ఇక్కడున్న వారిలో చాలామందిది ఆ చుట్టుపక్కల ఊళ్లే: హిందూపురం, మదనపల్లె, చింతామణి, గౌరీబిదనూరు. పిల్లల చదువు ఖర్చుల మీద మాట్లాడమని నన్ను పిలిచారు. ఆ మాటతోనే మొదలుపెడతాను. కానీ ఆ ఖర్చు మన పిల్లల చేతుల్లోంచి ఏం లాగేసుకుంటోందో కూడా ఈ రోజు చెప్పి తీరాలి.

ముందు లెక్క. ఎల్‌కేజీలో ఏడాదికి లక్ష రూపాయలు కడుతున్నారనుకోండి. ఏటా 10 శాతం పెంచారనుకోండి. ఆ బిడ్డ పదో తరగతికి వచ్చేసరికి ఏడాది ఫీజు 2 లక్షల 85 వేలు అవుతుంది. ఎల్‌కేజీ నుంచి పది దాకా పన్నెండేళ్లకు కలిపితే 21 లక్షలు దాటుతుంది. వ్యాను, పుస్తకాలు, యూనిఫారం, విహారయాత్రలు ఇందులో లేవు. ఇద్దరు పిల్లలుంటే రెట్టింపు. బడిలో చేర్చే రోజున మనం మొదటి ఏడాది ఫీజు మాత్రమే చూసి "ఎలాగో కట్టేద్దాం" అంటాం. దయచేసి ఒక కాగితం మీద పన్నెండేళ్లూ వేసి చూడండి. మా బంధువుల్లో ఒకాయన కూతురి యూకేజీ ఫీజుకు భార్య గొలుసు తాకట్టు పెట్టాడు. అసలు చదువు ఇంకా మొదలే కాలేదు! ఇంటర్ కాలేజీ, ఆపైన ఇంజనీరింగ్ ముందున్నాయి. వాటికి ఏం తాకట్టు పెడతాం?

చట్టం మనకు కొంత అండ ఇచ్చింది. దాన్ని తెలుసుకుని అడిగేవాళ్లే తక్కువ. 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ ప్రకారం డొనేషన్ తీసుకోకూడదు. చేర్చుకునేందుకు పిల్లలకు గానీ తల్లిదండ్రులకు గానీ పరీక్ష, ఇంటర్వ్యూ పెట్టకూడదు. డొనేషన్ తీసుకుంటే దానికి పది రెట్ల దాకా జరిమానా, పరీక్ష పెడితే మొదటిసారి 25 వేల దాకా. ప్రైవేటు బడుల్లో పేద పిల్లలకు 25 శాతం సీట్లన్న నిబంధన మీకు తెలిసే ఉంటుంది. అయితే కర్ణాటకలో 2019 నుంచి, దగ్గర్లో ప్రభుత్వ బడో ఎయిడెడ్ బడో ఉంటే ప్రైవేటు బడిలో ఆ సీటు ఇవ్వనక్కర్లేదని నియమం మార్చారు. అందుకే మన ఇళ్లలో పనిచేసే అమ్మల పిల్లలకు ఆ సీట్లు దొరకడం కష్టమైపోయింది. ఆ మార్పు తప్పని నేను గట్టిగా నమ్ముతాను.

ఇంకొక్క సంగతి. ఆదాయపు పన్ను పాత విధానంలో ఉన్నవారికి ఇద్దరు పిల్లల ట్యూషన్ ఫీజు మినహాయింపు వస్తుంది, మొత్తం లక్షన్నర పరిమితికి లోబడి. రసీదులో ట్యూషన్ ఫీజు విడిగా రాయించుకోండి. డొనేషన్, వ్యాను డబ్బులు అందులోకి రావు.

ఇక పల్లె సంగతి. మా ఇంట్లో పట్టుపురుగులు పెంచేవారు. ఫీజు కట్టాలంటే పట్టుగూళ్లు శిడ్లఘట్ట మార్కెట్‌కు వెళ్లాల్సిందే. పురుగు నాలుగుసార్లు కుబుసం విడుస్తుంది, మా వైపు దాన్నే జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండదు. మొత్తం తినే ఆకులో 80 శాతానికి పైగా ఆ చివరి దశలోనే తినేస్తుంది. రాత్రి దీపం తగ్గించి నిలబడితే తట్టల్లోంచి వాన చినుకులు పడుతున్న చప్పుడు వినిపిస్తుంది. అది పురుగులు మల్బరీ ఆకు నమిలే చప్పుడు. నాన్న ఆకు కోస్తే, అమ్మ తట్టలు శుభ్రం చేస్తే, అవ్వ పండిన పురుగులను ఏరి, అవి గూడు అల్లుకునే చంద్రికల మీద వేసేది. పండిన పురుగు ఒళ్లు పసుపుపచ్చగా మెరుస్తుంది, ఆకు ముట్టదు. దాన్ని కనిపెట్టడం ఆరేళ్ల పిల్లకూ వచ్చు. పక్క పొలంలో ఎవరైనా మందు కొడితే గాలి ఎటు వీస్తోందో చూడడానికి మేమే పరుగెత్తేవాళ్లం, ఎందుకంటే ఆ గాలి మా ఆకు మీద పడితే పంట మొత్తం పోయినట్టే. ఇల్లు ఎలా గడుస్తుందో, డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో, ఫీజు ఎందుకు ఆలస్యమైందో మాకు ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కళ్లముందే జరిగేది.

ఇప్పుడు మన పిల్లలకు వేసవి సెలవుల్లో కూడా ఊరు లేదు. పదో తరగతికి పునాది అంటూ ఏడో తరగతి నుంచే మే నెల కోచింగ్‌కు వెళ్లిపోతోంది, దానికీ ఫీజే. అవ్వాతాతలు ఫోనులో ముఖం చూసి తృప్తిపడుతున్నారు. మే నెల మాత్రం వాళ్లకు వదిలిపెట్టమని మీ అందరినీ వేడుకుంటున్నాను.

ఊరు వెళ్లలేకపోతే మీ బాల్కనీలోని కరివేపాకు కుండీ దగ్గర పిల్లల్ని కూర్చోబెట్టండి. ఆకు మీద పిట్ట రెట్టలా ఒక మచ్చ కనబడితే తుడిచేయకండి, అది కదులుతుంది. కరివేప, నిమ్మ మొక్కల మీద పెరిగే సీతాకోకచిలుక పిల్ల అది. పిట్టలు తినకుండా రెట్టలా వేషం వేసుకుని ఉంటుంది. కుబుసాలు విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. వేలితో మెల్లగా తాకితే తల వెనుక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి తోసి ఘాటైన వాసన వదులుతుంది. మా పట్టుపురుగులకు లేని విద్య! తర్వాత కొమ్మకు ఆనుకుని నడుముకు ఒక సన్నని దారం చుట్టుకుంటుంది, ఆ దారమూ పట్టే. మా పక్కింటి పాప ఆ దారాన్ని చూసి "ఆంటీ, సీటు బెల్టు పెట్టుకుంది" అంది. ఆ పాపకు కీటకాల పాఠం ఇక వేరే చెప్పనక్కర్లేదు.

కానీ మన అపార్ట్‌మెంట్లలో నెలనెలా మందు కొట్టిస్తున్నాం. పురుగు చస్తే దర్జీపిట్టకు పిల్లల్ని పెంచే తిండి ఉండదు. అన్ని పురుగులూ శత్రువులు కావు. తమిళనాడులో బొప్పాయి పిండినల్లి అనే పురుగు చెలరేగి బొప్పాయి, మల్బరీ తోటలను పీల్చేస్తున్నప్పుడు, 2010లో ఇక్కడి హెబ్బాళలోని జాతీయ కీటక పరిశోధన సంస్థ వాళ్లు ప్యూర్టోరికో నుంచి కంటికి సరిగా ఆనని చిన్న కందిరీగలను తెప్పించి వదిలారు. అవి పిండినల్లిలోనే గుడ్లు పెట్టి దాన్ని అదుపులోకి తెచ్చాయి. రైతులకు మందుల ఖర్చు తప్పింది. మన ఊళ్లో జరిగిన ఇంత గొప్ప పని ఎన్ని బడుల్లో చెబుతున్నారు?

ఫుట్‌బాల్ మాట ఎత్తకుండా దిగిపోతే మా ఇంట్లో ఊరుకోరు. మా ఇంటిల్లిపాదీ బెంగళూరు ఎఫ్‌సీ పక్షం. కంఠీరవ స్టేడియంలో ఒక సాయంత్రం నలుగురం కలిసి అరవడానికయ్యే డబ్బు చాలాచోట్ల ఒక నెల కోచింగ్ ఫీజులో చిన్న ముక్క. 2018 మార్చి 17న ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) ఫైనల్ మన మైదానంలోనే జరిగింది. మన సునీల్ ఛెత్రీ ముందే గోల్ కొట్టాడు, అయినా చెన్నయిన్ చేతిలో 3-2తో ఓడిపోయాం. మా అబ్బాయి రెండు రోజులు సరిగా అన్నం తినలేదు. సరిగ్గా ఏడాదికి, 2019 మార్చి 17న, ముంబైలో గోవా మీద అదనపు సమయంలో పడిన ఒకే ఒక్క గోల్‌తో కప్పు మనదైంది. ఓడిన జట్టును వదలకుండా ఏడాది పాటు పట్టుకుని ఉండడం వాడు అక్కడే నేర్చుకున్నాడు. రెండు మార్కులు తగ్గాయని కుమిలిపోయే పిల్లల్ని రోజూ తరగతిలో చూస్తాను కాబట్టి, దాని విలువ నాకు బాగా తెలుసు.

ఆ ఛెత్రీ పుట్టింది సికింద్రాబాద్‌లో. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టును నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణానికి చేర్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వారు, వృత్తిరీత్యా బడిపంతులు. ఆయన తర్వాత భారత జట్టుకు ఆసియా క్రీడల్లో ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ రాలేదు. పాఠాలు చెప్పే మనిషి మైదానంలోనూ ఉన్న కాలం అది. ఇప్పుడు మైదానాన్నే తీసేసి, ఆటను వారానికి రెండు గంటలుగా విడిగా అమ్ముతున్నారు.

ప్రతి బడికి ఆటస్థలం ఉండాలని విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే రాసి ఉంది. అందుకే రాబోయే అడ్మిషన్లలో ఆఫీసు గదిలోకి వెళ్లే ముందు వెనక్కి వెళ్లి మైదానం చూడండి. అక్కడ వ్యాన్లు నిలిపి ఉంటే పిల్లలు ఎక్కడ ఆడతారో కాగితం మీద రాసి అడగండి. ఇంకోటి, ఫీజు భారం మోయలేక ఎనిమిదో తరగతి లోపు పిల్లల్ని ప్రభుత్వ బడికి మార్చాలనుకుంటే, టీసీ ఆలస్యమైందన్న కారణంతో అక్కడ చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు. ఈ రెండింటికీ కన్నడంలో దరఖాస్తు నమూనాలు తెచ్చాను, ఆ మూల బల్ల మీద ఉన్నాయి. రాయడం ఇబ్బందిగా ఉన్నవారు సభ అయ్యాక నా దగ్గరికి రండి, అక్కడే కూర్చుని ఉంటాను.