కరెంటు పోయినా లెక్క పోకుండా: మైక్రోకంట్రోలర్‌కు సూపర్‌కెపాసిటర్

నమస్కారం. ఇదిగో, రూపాయి బిళ్ళంత ఉన్న ఈ నల్ల బిళ్ళ బటన్ సెల్ కాదు, సూపర్‌కెపాసిటర్, అంటే మామూలు వాటికన్నా ఎంతో ఎక్కువ ఛార్జి దాచుకునే కెపాసిటర్. 5.5 వోల్టులు, 1 ఫారడ్. దీన్ని ఎందుకు కొనవలసి వచ్చిందో ముందు చెబుతాను.

నర్సంపేట దగ్గర మా చిన్నాన్న మొక్కజొన్న చేనులో బోరు మోటారు ఎన్ని గంటలు నడిచిందో లెక్కపెట్టే మీటరు ఒకటి చేసి ఇచ్చాను. గాలిదుమారం లేచిన ఒక సాయంత్రం కరెంటు ఏడెనిమిదిసార్లు పోయి వచ్చింది. మర్నాడు చూస్తే మీటరులో సున్నా. "నీ మీటరు కన్నా గోడ మీద నా బొగ్గు గీతలే నయం కదరా" అన్నాడు.

నిమిషానికోసారి ఈఈప్రామ్‌లో, అంటే కరెంటు పోయినా చెరిగిపోని చిప్ మెమరీలో, రాసుకుంటే సరిపోదా అంటారేమో. నా మీటరులోని మైక్రోకంట్రోలర్ చిప్ అట్‌మెగా 328పి. దాని ఈఈప్రామ్‌కు లక్షసార్లు రాసే ఆయుష్షు ఉంటుంది. నిమిషానికోసారి అదే చోట రాస్తే రోజుకు 1,440 సార్లు. డెబ్బై రోజుల్లో ఆ లక్ష కరిగిపోతుంది. అందుకే కరెంటు పోయినప్పుడు మాత్రమే రాయాలి.

వైరింగ్ చూడండి. అడాప్టర్ 5 వోల్టుల తీగకు ముందు 1ఎన్5817 డయోడ్, దాని తర్వాత చిప్. సూపర్‌కెపాసిటర్ కరెంటును తిరిగి అడాప్టర్‌లోకి పోనివ్వకుండా ఈ డయోడ్ ఆపుతుంది. బిళ్ళను నేరుగా కలపకండి. ఖాళీగా ఉన్నప్పుడు అది అడాప్టర్ నుంచి ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది. మధ్యలో 47 ఓముల అర వాట్ రెసిస్టర్ పెడితే మొదట 100 మిల్లీయాంపియర్లకు మించి లాగదు, నాలుగు నిమిషాల్లో చాలావరకు నిండుతుంది. ఆ రెసిస్టర్‌కు సమాంతరంగా, చిప్ వైపు చూసే ఇంకో డయోడ్. నింపేది రెసిస్టర్, ఖాళీ చేసేది డయోడ్.

నేను రెండు రోజులు పాడుచేసుకున్నది ఇక్కడే. కరెంటు పోయిందని చిప్‌కు చెప్పే తీగను మొదటి డయోడ్‌కు అవతల, అంటే చిప్ వైపు కలిపాను. అక్కడ సూపర్‌కెపాసిటర్ వోల్టేజీ ఉంటుంది కదా, కరెంటు పోయినా చిప్‌కు తెలియదు! తీగ అడాప్టర్ వైపే ఉండాలి: అక్కడి నుంచి 10 కిలోఓముల మీదుగా ఇంటరప్ట్ పిన్‌కు (మార్పు రాగానే చిప్‌ను హెచ్చరించే కాలు), ఆ పిన్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓములు.

ఇప్పుడు లెక్క. డయోడ్ తర్వాత బిళ్ళ 4.7 వోల్టుల వరకు నిండుతుంది. బయటికి వచ్చేటప్పుడు రెండో డయోడ్ 0.3 తింటుంది. ఈ రకం బిళ్ళల లోపలి నిరోధం పదుల ఓముల్లో ఉంటుంది. 30 అనుకుంటే, నా చిప్ లాగే 10 మిల్లీయాంపియర్లకు ఇంకో 0.3 పోతుంది. మిగిలింది 4.1. చిప్‌ను 8 మెగాహెర్ట్జ్‌లో నడుపుతూ 2.7 వోల్టుల దగ్గర ఆగేలా పెట్టాను. 1.4 వోల్టులను 1 ఫారడ్‌తో గుణించి 0.01తో భాగిస్తే 140 సెకన్లు. రిలేను, డిస్‌ప్లేను మాత్రం అడాప్టర్ వైపే ఉంచండి. 70 మిల్లీయాంపియర్ల రిలే తగిలిస్తే లోపలి నిరోధమే రెండు వోల్టులు మింగేస్తుంది.

నాలుగు బైట్లు రాయడానికి పట్టేది 14 మిల్లీసెకన్లే. దానికి 140 సెకన్లు దండగ కాదా? రాయడం వరకే అయితే 4,700 మైక్రోఫారడ్ల మామూలు కెపాసిటర్ చాలు. కానీ అది ఉంటే రెండు మూడు సెకన్లు పోయిన కరెంటుకు కూడా రాయక తప్పదు. సూపర్‌కెపాసిటర్ ఉంటే పది సెకన్లు ఆగి చూడవచ్చు. కరెంటు తిరిగి వస్తే ఏమీ రాయనక్కరలేదు. రాకపోతే రాసి, చిప్‌ను నిద్రపుచ్చడమే. ఆ గాలిదుమారం సాయంత్రం లాంటి రోజుకు నాకు కావలసింది ఇదే.

అడాప్టర్ పీకుతున్నాను. మల్టీమీటర్‌లో చిప్ వోల్టేజీ 4.1 దగ్గర నుంచి నెమ్మదిగా దిగుతోంది. ఎనిమిది, తొమ్మిది, పది... ఎల్‌ఈడీ ఒక్కసారి మెరిసింది, అంటే రాసేసింది. మళ్ళీ పెడుతున్నాను. 147 గంటలు, అలాగే ఉంది.

పెట్టెను ఎండ తగిలే స్టార్టర్ డబ్బాలో పెట్టకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే ఈ బిళ్ళ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. మన మే నెల సంగతి మీకు తెలుసు కదా. చిన్నాన్న దాన్ని మోటారు గదిలో, ఆ బొగ్గు గీతల పక్కనే తగిలించాడు.