వేడి ప్రాంతాల్లో హెయిర్‌లూమ్ టమాటా: చూడాల్సింది రాత్రి ఉష్ణోగ్రత

అందరికీ నమస్కారం. హెయిర్‌లూమ్ అంటే తరతరాలుగా విత్తనం దాచుకుంటూ వచ్చిన పాత రకం. హెయిర్‌లూమ్ టమాటా వేసినవాళ్ల నోట తరచూ వినపడేది ఒకటే మాట: మొక్క ఏపుగా ఉంది, పూత విరగబూసింది, పిందె మాత్రం నిలవడం లేదు. అనుమానం వెంటనే ఎరువు మీదికి పోతుంది. ఇంకాస్త నత్రజని వేస్తారు, మొక్క ఇంకాస్త ఆకు మీద పడుతుంది.

చూడాల్సింది థర్మామీటరు, అదీ రాత్రిపూట. పగలు 32 డిగ్రీలు, రాత్రి 21 డిగ్రీలు దాటుతూ పోతే పుప్పొడి సత్తువ తగ్గిపోతుంది. ఈ నష్టం పువ్వు విచ్చుకున్న రోజున జరిగేది కాదు. అంతకు వారం, పది రోజుల ముందే, మొగ్గలో పుప్పొడి తయారయ్యేటప్పుడే జరిగిపోతుంది. అందుకే ఎండలు తగ్గాక కూడా కొన్నాళ్లు పూత రాలుతూనే ఉంటుంది. అప్పుడు ఏ మందు కొట్టినా డబ్బు దండగ.

రాలిన పువ్వును చేతిలోకి తీసుకుని చూడండి. కాడ మధ్యలో కణుపులాంటి చోట పసుపుబారి, సరిగ్గా అక్కడే తెగి ఉంటుంది. కేసరాలన్నీ కలిసి పువ్వు నడుమ పసుపు గొట్టంలా ఉంటాయి కదా, వేడికి చాలా రకాల్లో కీలాగ్రం (పుప్పొడి పడాల్సిన కొస) ఆ గొట్టం దాటి బయటికి పొడుచుకొస్తుంది. ఇక సొంత పుప్పొడి దానికి అందడమే కష్టం.

కాబట్టి నారు పోసే తేదీని వెనక నుంచి లెక్కేసుకోవాలి. మీ దగ్గర రాత్రులు 15 నుంచి 21 డిగ్రీల మధ్య ఉండే కాలం ఏదో ముందు రాసుకోండి. మొదటి పూత ఆ కాలం మొదట్లోనే రావాలి. పెద్దకాయ రకాలకు విత్తు నుంచి పూతకు రెండు నెలలు పైనే పడుతుంది. అంటే ఇంకా వేడిగా ఉన్నప్పుడే, నీడలో నారు పోయాలి. విత్తనం అర సెంటీమీటరు లోతు చాలు. మట్టి 35 డిగ్రీలు దాటితే మొలక సరిగా రాదు.

ఇక రకాలు. అందరూ మొదట కొనేది బ్రాండీవైన్. వేడిలో మొదట నిరాశపరిచేదీ అదే. నాటాక కాయ పండడానికి 80 నుంచి 100 రోజులు పడుతుంది, చల్లటి రాత్రులు అంతకాలం దొరకవు. చెరోకీ పర్పుల్ కొంత నయం. మధ్యస్థ కాయల్లో ఆర్కన్సా ట్రావెలర్, ఈవా పర్పుల్ బాల్ వేడిని బాగా ఓర్చుకుంటాయి. మొదటిసారి వేసేవాళ్లకు మా సలహా చిన్నకాయ రకాలే: ఎల్లో పేర్, మ్యాట్స్ వైల్డ్ చెర్రీ. గ్రీన్ జీబ్రాను చాలామంది హెయిర్‌లూమ్ కింద లెక్కేస్తారు గానీ అది 1983లో వచ్చిన రకం.

కుండీ అయితే 40 లీటర్లకు తగ్గకూడదు, రంగు తెలుపు ఉండాలి. నల్ల కుండీలో వేర్లు ఉడికిపోతాయి. పడమటి ఎండకు 30 నుంచి 40 శాతం షేడ్ నెట్ కట్టండి. 50 దాటితే పూతే తగ్గుతుంది. మొక్క మొదలు చుట్టూ 5 నుంచి 8 సెంటీమీటర్ల మందాన ఎండుగడ్డి పరవండి, కాండానికి మాత్రం తగలనీయకండి. పిలకలు అదే పనిగా గిల్లేస్తే కాయకు ఆకు నీడ పోయి, ఎండకు బొబ్బలెక్కినట్టు తెల్ల మచ్చలు పడతాయి. కాయ అడుగున నల్లగా కుళ్లితే సున్నం వేయడానికి తొందరపడకండి. చాలాసార్లు మట్టిలో కాల్షియం ఉంటుంది, తడి ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కావడంతో అది కాయకు చేరదు. ఎండిన మట్టికి ఒక్కసారిగా నీళ్లు పెడితే కాయ పగిలేదీ ఈ తడి హెచ్చుతగ్గుల వల్లే. పొద్దున్నే ఎలక్ట్రిక్ టూత్‌బ్రష్‌ను పూగుత్తి కాడకు రెండు మూడు సెకన్లు ఆనించండి. ఉన్న పుప్పొడైనా రాలుతుంది, చచ్చిన పుప్పొడిని మాత్రం అది బతికించలేదు.

ఈ రకాల్లో ఎక్కువవాటికి వేరుబుడిపె నులిపురుగుల్ని తట్టుకునే గుణం లేదు. తట్టుకునే వేరుమొక్క మీద అంటుకట్టవచ్చు. కానీ ఆ గుణం మట్టి 28 డిగ్రీలు దాటితే సడలిపోతుంది. కాబట్టి అంటు కట్టినా మట్టిని చల్లగా ఉంచక తప్పదు.

చివరిగా కోత. 30 డిగ్రీలు దాటితే ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాదు, కాయ నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. అడుగున రంగు తొంగిచూడగానే కోసి, 20 నుంచి 25 డిగ్రీలుండే గదిలో, ఎండ తగలని చోట పరవండి. ఫ్రిజ్‌లో పెట్టకండి. విత్తనానికి మాత్రం కాయను చెట్టునే పండనివ్వాలి, అదీ వేడి ముదిరాక కూడా పిందె నిలిపిన మొక్కదే.