సీల్ తీయని ఫిల్టర్ అయినా సరే, ముఖానికి పెట్టకండి

పాత మిలిటరీ గ్యాస్ మాస్కు చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, తగిలించుకుని గట్టిగా ఊపిరి పీల్చడం. అదేంటండీ అంటే, "ఫిల్టర్ సీల్ కూడా తీయలేదు, కొత్తదే కదా" అంటారు. ఈ మాట వింటే నాకు నిజంగా కోపం వస్తుంది.

ఫిల్టర్ డబ్బాలో బొగ్గు ఉంటుందని మీకు తెలుసు. బొగ్గు వాయువుల్ని పట్టుకుంటుంది, కానీ పొగలోని సన్నటి కణాల్ని వదిలేస్తుంది. 1917లో జర్మన్లు ఆర్సెనిక్ అనే విషం కలిసిన పొగలు వాడటం మొదలుపెట్టాక, ఆ కణాల్ని ఆపే నార పొర కూడా తప్పనిసరైంది. నార ఎంత సన్నగా ఉంటే అంత బాగా ఆపుతుంది. అలా ఆస్బెస్టాస్, అంటే రాతి నుంచి తీసే సన్నటి నార, వచ్చి చేరింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి బ్రిటిష్ మాస్కులు చాలావాటిలో ఉన్నది క్రోసిడోలైట్, అంటే నీలి ఆస్బెస్టాస్. ఆ జాతిలో అత్యంత ప్రమాదకరమైనది ఇదే. జీపీ-5 అనే సోవియట్ గ్యాస్ మాస్కు ఫిల్టర్లు కొన్నింటిలోనూ ఆస్బెస్టాస్ బయటపడింది.

[తెర మీద: ఫిల్టర్ కోత బొమ్మ]

ఏళ్ల తరబడి అటక మీద పడున్న దూది దిండును ఊహించుకోండి. గలేబు చెక్కుచెదరలేదు, ఒక్క కుట్టూ ఊడలేదు. అయినా ఒక్క దెబ్బ వేస్తే దుమ్ము లేస్తుంది. సీల్ అంటే ఆ గలేబే. బయటి తేమను ఆపుతుందేమో గానీ, లోపలి నార పొడి కావడాన్ని ఆపలేదు. పార్సిల్‌లో డబ్బా కుదుపులు తినడమంటే దిండును దులపడమే. ఆ తర్వాత మనం చేసేదేంటి? అదే దిండుకు నోరు ఆనించి లోపలికి పీల్చడం!

ఆ నార ఊపిరితిత్తుల్లో చేరితే మెసోథీలియోమా అనే క్యాన్సర్ రావచ్చు, అదీ 20 నుంచి 50 ఏళ్ల తర్వాత. యుద్ధకాలంలో నాటింగ్‌హామ్‌లో ఈ మాస్కులు తయారుచేసిన కార్మికుల్లో దశాబ్దాల తర్వాత ఈ క్యాన్సర్ మరణాలు కనిపించాయి. వాళ్లు నెలల తరబడి ఆ దుమ్ములో పనిచేశారు, నిజమే. ఒక్కసారి పీలిస్తే వచ్చే ప్రమాదం తక్కువే. కానీ ఒక ఫోటో కోసం ఆ కాస్త ప్రమాదం కూడా ఎందుకండీ? 2014లో బ్రిటన్ ఆరోగ్య భద్రతా సంస్థ కూడా ఇలాంటి పాత మాస్కులు పిల్లలకు తొడగొద్దని బడులకు చెప్పింది.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. లోపల ఏముందో చూద్దామని డబ్బా కోయకండి, ఊపకండి. మర తిప్పితే ఊడొచ్చే ఫిల్టర్ అయితే మెల్లగా తీసి, మందపాటి ప్లాస్టిక్ సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టి మూసేయండి. మీద "ఆస్బెస్టాస్ ఉండొచ్చు" అని రాయండి. బ్రిటిష్ పౌరుల మాస్కులా డబ్బా రబ్బరుకే బిగించి ఉంటే విడదీయొద్దు, మొత్తం అలాగే సంచిలోకి. ఎం17 అనే అమెరికన్ మాస్కు ఫిల్టర్లు మాస్కు బుగ్గల్లో దాగి ఉంటాయి, ఆ బొగ్గులో క్రోమియం అనే విషపు లోహం కలిపి ఉంటుంది, వాటినీ గెలకొద్దు.

కొత్త ఫిల్టర్ బిగించి వాడొచ్చా? జీపీ-5ది 40 మిల్లీమీటర్ల మర కాబట్టి బిగుస్తుంది. కానీ పాత నార మాస్కు లోపల ఇప్పటికే రాలి ఉండొచ్చు, ముసలి రబ్బరు ముఖానికి సరిగ్గా అతుక్కుంటుందన్న నమ్మకమూ లేదు. రక్షణ కావాలంటే ఇవాళ తయారైన మాస్కు కొనండి.

ఇంకోటి, జీపీ-5 ఫిల్టర్ అడుగున రబ్బరు మూత ఉంటుంది. అది తీయకుండా తొడిగితే అసలు గాలే ఆడదు, పిల్లలకు అందనివ్వకండి. మాస్కు ఆకారం పోకుండా లోపల కాగితం కూరి, ఎండ తగలని చోట పెట్టండి. ఎప్పుడైనా అమ్మితే మాత్రం, డబ్బులు తీసుకోకముందే ఫిల్టర్ సంగతి కొనేవాళ్లకు చెప్పండి.