‘మెదడుకు బలం’ బిళ్లతో చెయ్యి లేస్తుందా?

నమస్తే అండి. నేను ఫిజియోథెరపిస్టుని. పక్షవాతం వచ్చినాయన చేత స్టీలు గ్లాసు పట్టించేలోపే ఇంట్లోవాళ్లు మందుల చీటీ చూపిస్తారు. "సార్, ఈ బిళ్ల వేస్తే నాన్నగారి చెయ్యి లేస్తుందా?" తీరా చూస్తే సిటికోలిన్. ‘మెదడుకు బలం’ అట. ఆ మాట వింటేనే నాకు చిరాకు.

మెదడుకి నెత్తురు తెచ్చే నాళం పంట కాలువ అనుకోండి, మెదడు చేను. నెత్తుటి గడ్డ అడ్డుపడి ఆ కాలువ పూడిపోయింది. తూము దగ్గరి మడి ఎండిపోయింది. అది ఇక పోయినట్టే. చుట్టూ ఉన్న మళ్లు పక్క బోదెల్లోంచి ఊరే తడితో వాడిపోయి బతుకుతున్నాయి. నాలుగున్నర గంటల్లోపు గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇస్తారే, అది పూడిక తీయడం. న్యూరోప్రొటెక్టివ్ మందంటే, నీళ్లొచ్చేదాకా వాడిన చేను చావకుండా కొట్టే మందు.

ఎలుకల్లో ఇలాంటివి భలే పనిచేశాయి. మనుషుల్లో? సిటికోలిన్‌ని 2,298 మంది పక్షవాతం రోగుల మీద, విడిగా 1,213 మంది తలగాయాలవాళ్ల మీద పరీక్షించారు. ఉత్తుత్తి మందు కంటే మేలేమీ లేదని 2012లో తేలింది. స్టెరాయిడ్ సంగతి ఇంకా ఘోరం. 10,008 మంది తలగాయాలవాళ్లలో స్టెరాయిడ్ పడ్డవాళ్లే ఎక్కువమంది చనిపోయారు.

ఎలుకకి ల్యాబులో వెంటనే మందు పడుతుంది. మన మనిషి ఆటో దొరికి, రెండు ఆస్పత్రులు తిరిగి వచ్చేసరికి వాడిన మళ్లూ ఎండిపోతాయి. అదొక్కటే కారణం కాదులెండి, ఇలాంటి మందే అయిన మెగ్నీషియంని అంబులెన్సులోనే ఎక్కించి చూసినా లాభం లేకపోయింది.

మరి చెయ్యి ఎలా లేస్తుంది? ఎండిన మడి మళ్లీ పచ్చబడదు. పక్క పొలంలోంచి కొత్త బోదె తవ్వుకోవాలి. 1982 నాటి ఒక ప్రయోగమంటే నాకు ప్రాణం. కాళ్లూ చేతులూ ఆడించే మెదడు భాగాన్ని ఒకవైపు తీసేసిన ఎలుకలకి మర్నాడు ఒక్క డోసు ఆంఫెటమైన్ (మెదడుని ఉత్తేజపరిచే మందు) ఇచ్చి, సన్నటి బద్ద మీద నడిపించారు. చకచకా కోలుకున్నాయి. అదే మందిచ్చి 8 గంటలు కదలకుండా కట్టడి చేస్తే? ఏమీ లేదు! మందు మట్టిని మెత్తబరిచింది, అంతే. పార పట్టాల్సింది ఎలుకే.

టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. మనుషుల్లో ఆంఫెటమైన్ ఆ ఆశ నిలబెట్టలేదు. అమాంటడిన్ కాస్త నయం. తలగాయం తర్వాత తెలివి సరిగా రాని 184 మందితో చేసిన పరీక్షలో, 4 వారాలు వాడినవాళ్లు త్వరగా తేరుకున్నారు. ఆపాక ఆ వేగం తగ్గింది. ఇందాకటి ఎలుకల ప్రయోగంలోనే హాలోపెరిడాల్, అంటే గోల చేసే రోగిని శాంతపరచడానికి ఇచ్చే మందు, కోలుకోవడాన్ని బాగా నెమ్మది చేసింది. కాబట్టి ‘గోల చేస్తున్నాడు, మత్తుకేదైనా ఇవ్వండి’ అనే ముందు డాక్టరుగారితో ఈ ముక్క మాట్లాడండి. అలాగని ఇది విని ఫిట్స్ మందు మాత్రం మీ అంతట మీరు ఆపకండి.

రేపు వేళ్ల వ్యాయామం. ఒక గ్లాసు, గుప్పెడు శనగలు దగ్గర పెట్టుకోండి.