పాత స్నేహితులతో భోజనానికి రెస్టారెంట్ ఎలా ఉండాలి? | మేం వెళ్ళిన చోటు రివ్యూ

అందరికీ నమస్తే అండి. ఫుడ్ రివ్యూ అనగానే ప్లేటు దగ్గరికి కెమెరా తీసుకెళ్ళి, ముద్ద నోట్లో పెట్టుకుని, ‘అబ్బా’ అనడం మనందరికీ అలవాటైపోయింది. ఈ రోజు ప్లేటు సంగతి చివర్లో చూద్దాం. ముందు టేబుల్ గురించి, కుర్చీల గురించి, అన్నిటికన్నా ముఖ్యంగా చప్పుడు గురించి మాట్లాడాలి.

ఎందుకంటే ఈసారి నేను వెళ్ళింది కాలేజీ నాటి స్నేహితుల్ని కలవడానికి. ఆరుగురం. దగ్గర్లోనే ఉండే మామూలు ఫ్యామిలీ రెస్టారెంట్. ముందు ఒక శనివారం రాత్రి వెళ్ళాం, తర్వాత ఒక పనిరోజు మధ్యాహ్నం వీలు చూసుకుని మళ్ళీ అక్కడికే వెళ్ళాం. చోటు అదే, వంటవాళ్ళు వాళ్ళే, మనుషులం మేమే. అయినా రెండు భోజనాలకీ పోలికే లేదు. ఆ తేడా ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పడానికే ఈ వీడియో. పేరు మాత్రం చెప్పను. మీ దగ్గర్లో ఉన్న చోటుని మీరే చూసి అంచనా వేసుకోవడానికి ఇది పనికొస్తే నాకు చాలు.

శనివారం రాత్రితో మొదలుపెడతా. లోపల చూడ్డానికి చాలా బాగుంది. అద్దాల గోడలు, నున్నటి టైల్స్, పైన ఏ తొడుగూ లేని ఒట్టి కాంక్రీటు సీలింగ్. ఫొటోల్లో అదిరిపోతుంది. కానీ కర్టెన్ అన్నది లేదు, మెత్తటి సోఫా లేదు. గట్టిగా, నున్నగా ఉండేవి ఏవైనా సరే శబ్దాన్ని తిరగ్గొడతాయి. గుడ్డ, దూది, తివాచీ లాంటివైతే కొంత పీల్చుకుంటాయి. ఇక్కడ పీల్చుకునేది ఒక్కటీ లేదు కాబట్టి, అవతలి మూల ఎవరో కుర్చీ లాగినా అది మా దగ్గరే లాగినట్టుంది. దానికితోడు సరిగ్గా మా నెత్తి మీదే స్పీకరు.

ఫోన్లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి చూశాను. అంకె 80 డెసిబెల్స్ దాటి ఊగుతోంది. ఫోన్ యాప్ ల్యాబ్ పరికరమంత కచ్చితంగా చెప్పదు, కానీ అంచనాకి సరిపోతుంది. మనిద్దరం మీటరు దూరంలో కూర్చుని మామూలుగా మాట్లాడుకుంటే దాదాపు 60 ఉంటుంది. డెసిబెల్స్ లెక్కలో 10 పెరిగిందంటే మన చెవికి సుమారు రెండింతలు గట్టిగా వినిపిస్తుంది. అంటే మన మాటకన్నా చుట్టూ ఉన్న గోల నాలుగింతలు అన్నమాట.

ఇక్కడ ఇంకో సంగతి ఉంది. చుట్టూ చప్పుడు పెరిగితే మనిషి తనకి తెలియకుండానే గొంతు పెంచుతాడని ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ చెవి, ముక్కు, గొంతు డాక్టర్ 1911లోనే రాశాడు. దాన్ని ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. రెస్టారెంట్‌లో జరిగేది అచ్చంగా అదే. పక్క టేబుల్ వాళ్ళు వినపడక గొంతు పెంచుతారు, వాళ్ళ వల్ల మనం పెంచుతాం, మన వల్ల ఆ వెనకవాళ్ళు పెంచుతారు. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందుకే ‘జనం మర్యాద లేకుండా అరుస్తున్నారు’ అని నేను అనను. ఆ గది అలా అరిపిస్తుంది. గది కట్టినవాళ్ళూ, మ్యూజిక్ పెంచినవాళ్ళూ ఆలోచించాల్సిన విషయం అది.

దీన్ని ఇంతగా ఎందుకు సాగదీస్తున్నానంటే, ఆ రాత్రి మా వాడొకడు వాళ్ళ నాన్నగారి జబ్బు గురించి చెప్పడం మొదలుపెట్టాడు. అవతలి చివర కూర్చున్న అమ్మాయికి వినపడలేదు. ‘ఏంట్రా, ఏమన్నావ్?’ అని గట్టిగా అడిగింది. వాడు మళ్ళీ చెప్పాడు. ఈసారి మధ్యలో కూర్చున్న నాకే సగం వినపడలేదు. మూడోసారి అడిగేసరికి ‘ఏం లేదులే, తర్వాత చెప్తా’ అని నవ్వేసి గ్లాసు అందుకున్నాడు. కొన్ని మాటలు గట్టిగా అరిచి చెప్పేవి కావండి. చెప్పాలని వచ్చినవాడు చెప్పకుండా వెళ్ళిపోయాడు. ఆ రాత్రి వంట ఎంత బాగున్నా ఈ రెస్టారెంట్‌కి నేను మార్కులు వేయలేకపోవడానికి కారణం ఇదే.

పైగా మనకి వయసు పెరుగుతుంది కదా. వయసుతోపాటు ముందుగా వినికిడి తగ్గేది సన్నటి శబ్దాలకి. స, ష, ఫ లాంటి అక్షరాలు ముందు జారిపోతాయి. మాట వినిపిస్తుంది కానీ ఏమన్నారో అర్థం కాదు. ప్రశాంతంగా ఉన్న ఇంట్లో బాగానే ఉంటుంది, గోలలోకి వెళ్తే కష్టం బయటపడుతుంది. మా గుంపులో ఒకతనికి ఎడమ చెవి సరిగ్గా వినపడదు. శనివారం నాడు ఎవరికి దొరికిన కుర్చీలో వాళ్ళు కూర్చున్నాం, అతనికి ఎడమ పక్కనే నలుగురు పడ్డారు. భోజనమంతా నవ్వుతూ తల ఊపుతూ కూర్చున్నాడు. మధ్యాహ్నం వెళ్ళినప్పుడు అతన్ని ఎడమ పక్క గోడ ఉండే కుర్చీలో కూర్చోబెట్టాం. అంతే, ఆ రోజు అందరికన్నా ఎక్కువ మాట్లాడింది అతనే. దీనికి రెస్టారెంట్‌తో పని లేదు, ఖర్చు లేదు. కూర్చునే ముందు ఒక్క నిమిషం ఆలోచిస్తే చాలు.

ఇక టేబుల్. శనివారం రెండు టేబుళ్ళు కలిపి పొడుగ్గా వేశారు. ఆ చివర ఇద్దరు, ఈ చివర ఇద్దరు. పది నిమిషాలకే మూడు వేరు వేరు కబుర్లయిపోయాయి. ఇది మా ఒక్కళ్ళకే జరిగేది కాదు. మనుషుల గుంపుల మీద పరిశోధన చేసే బ్రిటిష్ శాస్త్రవేత్త రాబిన్ డన్‌బార్, ఆయనతో పనిచేసినవాళ్ళు 1995లో అచ్చువేసిన పరిశోధనలో చూపించారు: మనుషులు వాళ్ళంతట వాళ్ళు కలిసి మాట్లాడుకుంటుంటే ఒక సంభాషణలో సాధారణంగా నలుగురి వరకే నిలుస్తారు, అంతకు మించితే గుంపు విడిపోతుంది. కాబట్టి ఆరుగురు వెళ్తే మాట రెండుగా చీలడం సహజం. పొడుగు టేబుల్ అయితే చీలిన మాట మళ్ళీ అతకదు. ఈ చివరివాళ్ళకి ఆ చివరివాళ్ళ మొహాలే కనపడవు మరి. మధ్యాహ్నం గుండ్రటి టేబుల్ దొరికింది. అప్పుడూ మాటలు చీలాయి, కానీ అవతల ఎవరో పగలబడి నవ్వగానే ‘ఏంటే, మాకూ చెప్పు’ అని అందరూ ఒక్కటయ్యేవాళ్ళం. ఫోన్ చేసి బుక్ చేసుకునేటప్పుడు రౌండ్ టేబుల్ ఉందా అని అడగండి. స్పీకర్ కింద, వంటగది తలుపు ఎదురుగా, చేతులు కడుక్కునే చోటు పక్కన వద్దని కూడా చెప్పండి. అడిగితే ఇస్తారు. మనమే అడగం.

మెనూ గురించి రెండు ముక్కలు. టేబుల్ మీద క్యూఆర్ కోడ్ అంటించారు. అది స్కాన్ చేయాలంటే ఆరుగురూ ఫోన్లు తీయాలి. తీశాక మెనూ చూసి ఊరుకుంటామా, మెసేజ్‌లు కూడా కనపడతాయి. అన్నేళ్ళ తర్వాత కలిసినవాళ్ళం మొదటి ఐదు నిమిషాలు తలలు దించుకుని కూర్చున్నాం. రెండోసారి కాగితం మెనూ అడిగాను, ఇచ్చారు. ఒక్కటే మెనూ అవడంతో ముగ్గురు తలలు దగ్గర పెట్టి చదివారు, ‘నువ్వు ఇది తినవు కదే’ అని ఒకళ్ళ అలవాట్లు ఒకళ్ళు గుర్తు చేసుకున్నారు. నాకైతే కాగితం మెనూ ఉన్న చోటే ఇష్టం. ఆ అక్షరాలు కూడా కళ్ళజోడు లేకుండా కనపడేంత వెలుతురుంటే ఇంకా మంచిది.

సర్వీసు దగ్గరికి వద్దాం. ఇదే నాకు చాలా ముఖ్యం. శనివారం ఆఖరి ప్లేటు తీసిన మరుక్షణం, అడక్కుండానే బిల్లు ఫోల్డర్ తెచ్చి పెట్టేశారు. బయట జనం ఎదురుచూస్తున్నారు, వాళ్ళ ఇబ్బంది నాకు అర్థమవుతుంది. కానీ పాత స్నేహితుల మాటలకి ఒక వరస ఉంటుందండి. ముందు కాలేజీ కబుర్లే వస్తాయి. పెద్దయ్యాక మనకి ఎక్కువగా గుర్తుండేవి సుమారు పదేళ్ళ వయసు నుంచి ముప్ఫై ఏళ్ళ వయసు లోపు జరిగిన సంగతులేనని మనస్తత్వ పరిశోధకులు చాలాకాలంగా చెబుతున్నారు. అందుకే ఎప్పుడు కలిసినా అవే జోకులు, అదే లెక్చరర్, అదే హాస్టల్ గది. అవన్నీ అయిపోయాక, ఒక చిన్న నిశ్శబ్దం వచ్చాక, అప్పుడు ఎవరో ఒకరు అడుగుతారు, ‘సరేగానీ, నువ్వెలా ఉన్నావ్ నిజంగా?’ అని. గంటలో లేపేసే టేబుల్ మీద ఆ ప్రశ్న దాకా వెళ్ళలేం.

మధ్యాహ్నం వడ్డించినాయన కొంచెం పెద్దవయసు మనిషి. ప్లేట్లు తీసేసి, టేబుల్ తుడిచి, మంచినీళ్ళు నింపి, ‘తొందరేం లేదమ్మా, ఏమైనా కావాలంటే చెయ్యెత్తండి చాలు’ అని పక్కకి వెళ్ళిపోయాడు. ఆ తర్వాతే మా వాడు నాన్నగారి సంగతి మొత్తం చెప్పాడు. వచ్చేటప్పుడు ఆ పెద్దాయన గురించి మేనేజర్‌కి ప్రత్యేకంగా చెప్పి వచ్చాను. మీరు కూడా ఇలాంటివాళ్ళు కనపడితే తప్పకుండా చెప్పండి. ఫిర్యాదులు అందరూ చేస్తారు, మెచ్చుకోలు వాళ్ళదాకా వెళ్ళదు.

బిల్లు. చాలామంది సమానంగా పంచుకుందాం అంటారు. 2004లో ఎకనామిక్ జర్నల్‌లో ఒక ప్రయోగం అచ్చయింది. ఊరీ గ్నీజీ అనే ఆర్థికవేత్త, ఆయన సహ పరిశోధకులు చేశారు. ఒకరికొకరు పరిచయం లేనివాళ్ళని ఆరుగురు చొప్పున రెస్టారెంట్‌లో కూర్చోబెట్టారు. ఎవరిది వాళ్ళు కట్టుకునేటప్పటికన్నా, సమానంగా పంచుకునేటప్పుడు జనం ఎక్కువ ఖర్చుకి ఆర్డర్ చేశారు. స్నేహితుల మధ్య ఇంత లెక్క ఉండకపోవచ్చు. నాకు దిగులు ఇంకోచోట. అందరి సంపాదనా ఒకలా ఉండదు. ఒకరు చేతినిండా ఆర్డర్ చేస్తే, జాగ్రత్తగా తిన్నవాళ్ళు అదే వాటా కట్టాలి, పైకి చెప్పలేరు. తర్వాతిసారి ‘నాకు పని ఉందిరా’ అని రావడం మానేస్తారు. అందుకని ఎలా కడదామన్నది ఆర్డర్ ఇవ్వకముందే గ్రూప్‌లో మాట్లాడేసుకోండి. మేం ఎవరిది వాళ్ళమే కట్టుకున్నాం, రెస్టారెంట్ వాళ్ళు విసుక్కోకుండా విడివిడిగా బిల్లులు చేసిచ్చారు. ఈ విషయంలో వాళ్ళకి పూర్తి మార్కులు.

ఇప్పుడు రుచి. వంట బాగుంది, రెండుసార్లూ వేడివేడిగానే వచ్చింది. శనివారం రాత్రి మాత్రం ఉప్పు తక్కువైనట్టు మాలో ముగ్గురికి అనిపించింది, మధ్యాహ్నం అదే ఐటమ్ ఎవరికీ తక్కువనిపించలేదు. వంటవాడి చెయ్యి మారిందో ఏమో గానీ, నాకైతే చప్పుడు మీదే అనుమానం. హెడ్‌ఫోన్స్‌లో పెద్ద శబ్దం వింటూ తిన్నవాళ్ళకి ఉప్పదనం, తీపి తక్కువగా తెలిసినట్టు 2011లో ఒక పరిశోధన చూపించింది.

నా మార్కులు చెప్పేస్తా. రుచికి పదికి ఎనిమిది. బిల్లు పద్ధతికి పది. కూర్చునే వసతికి గుండ్రటి టేబుల్ దొరికితే తొమ్మిది, పొడుగు టేబుల్ అయితే ఐదు. చప్పుడుకి శనివారం రాత్రి రెండు, పనిరోజు మధ్యాహ్నం ఎనిమిది. వెళ్ళొచ్చా అంటే, పనిరోజు మధ్యాహ్నం, జనం పలచబడ్డాక వెళ్ళండి, కళ్ళు మూసుకుని వెళ్ళండి. శనివారం రాత్రి పిల్లల్ని తీసుకుని సరదాగా వెళ్ళొచ్చు గానీ, చాలా ఏళ్ళ తర్వాత కలుస్తున్న మనిషితో మాత్రం వెళ్ళకండి.

మీ దగ్గర్లో మాట వినపడే రెస్టారెంట్ ఉంటే, ఏ టైమ్‌లో ప్రశాంతంగా ఉంటుందో, ఏ మూల టేబుల్ బాగుంటుందో కింద కామెంట్‌లో రాయండి. అవన్నీ చదివి, ఎక్కువమంది చెప్పిన టైమ్‌లు పిన్ చేస్తాను. ఉంటానండి.