ఇల్లు ఇద్దరిదైతే బాడుగ ఎవరిది?

శ్రోతలందరికీ నమస్కారం.

మన తిరుపతిలో మిద్దె మీద మిద్దె వేసి, ఒక పోర్షన్‌లో తాము ఉంటూ తక్కినవి బాడుగకు ఇచ్చుకునేవాళ్ళు ఏ వీధిలో చూసినా కనిపిస్తారు. యూనివర్సిటీ పిల్లలు, ఆస్పత్రుల్లో పనిచేసేవాళ్ళు, కొండమీద ఉద్యోగాలు చేసేవాళ్ళు వస్తూనే ఉంటారు. ఆ ఇళ్ళలో చాలావాటి దస్తావేజు మీద భార్యాభర్తలిద్దరి పేర్లూ ఉంటాయి. ఇన్‌కంటాక్స్ రిటర్నులో మాత్రం బాడుగంతా ఒక్కరి కిందే పడుతుంది. నేను ఇన్నేళ్ళుగా రిటర్నులు రాస్తున్నాను, ఆ ఒక్కరూ ఎక్కువసార్లు భర్తే.

కొర్లగుంట నుంచి ఒక దంపతులు నా దగ్గరికి వచ్చారు. ఆయన కాలేజీ లెక్చరరు, ఆమె ఇంట్లోనే మిషన్ పెట్టుకుని బట్టలు కుడుతుంది. రెండు పోర్షన్లు బాడుగకు ఇచ్చారు, ఒక్కోటి పదిహేను వేలు. మొత్తం నెలకు ముప్ఫై వేలూ తన జీతంతో కలిపి చూపిస్తూ వచ్చారాయన. "ఎందుకలా?" అని అడిగితే ఆమే అందుకుంది: "బాడుగంతా ఆయన ఫోనుకే వస్తాది గదా సార్."

"దస్తావేజు తెచ్చినారా అమ్మా?"

తెచ్చింది. ప్లాస్టిక్ కవర్లో, పాత చీరముక్కలో చుట్టి. మొదటి పేజీ మూలన పసుపు మరక, గృహప్రవేశం నాటిదట. లోపల ఇద్దరి పేర్లూ ఉన్నాయి, చెరి సగం అని స్పష్టంగా రాసి ఉంది. ఆ ముక్క నేను చదివి వినిపించేదాకా ఆమెకు తెలియదు. ఇన్నేళ్ళు బీరువాలో భద్రంగా దాచింది తన పేరు ఉన్న కాగితాన్నే అని వింటుంటే ఆమె ముఖం చూడాలి మీరు.

తరువాత అసలు ప్రశ్న అడిగాను. "మీ సగానికి డబ్బు ఎక్కడిదమ్మా?"

"మా అమ్మ పెట్టిన నగలు సార్. హారం, నాలుగు గాజులు అమ్మేసినా. మిగిలింది చీటీ పాడి కట్టినా." అంటూ సంచిలోంచి నగలు అమ్మిన బిల్లు, చీటీ పుస్తకం తీసి బల్లమీద పెట్టింది.

ఇక లెక్క నెమ్మదిగా చెబుతాను, వినండి. ఏడాదికి బాడుగ 3,60,000. అందులోంచి కట్టిన ఇంటిపన్ను 10,000 తీసేస్తే 3,50,000. దాంట్లో నూటికి ముప్ఫై, అంటే 1,05,000, రిపేర్లకూ వగైరాలకూ అని చట్టమే తగ్గిస్తుంది. సున్నం కొట్టించారా లేదా అని ఎవరూ అడగరు. మిగిలింది 2,45,000. చెరి సగమంటే ఒక్కొక్కరికి 1,22,500.

ఆయన జీతం కొత్త విధానంలో, 2025-26 రేట్ల ప్రకారం, నూటికి పదిహేను పడే మెట్టులో ఉంది. ఆమె వాటాను కూడా తన నెత్తిన వేసుకుంటే 18,375 రూపాయల పన్ను, దానిమీద సెస్సు 735, కలిపి 19,110 అదనం. ఆమెకు కుట్టుపని మీద ఏడాదికి లక్షన్నర. దానికి బాడుగ వాటా కలిపినా 2,72,500. నాలుగు లక్షల వరకు పన్నే లేదు. ఏటా కట్టనక్కర్లేని పంతొమ్మిది వేలు కడుతున్నారన్నమాట.

ఇది పన్ను తప్పించుకునే ఎత్తు కాదండీ. వాటాలు తేటతెల్లంగా ఉన్న ఉమ్మడి ఇంటికి ఎవరి వాటా బాడుగ వాళ్ళ ఆదాయమని 1961 నాటి ఆదాయపన్ను చట్టం 26వ సెక్షనే చెప్పింది. 2026 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త చట్టంలో నంబర్లు మారాయి గానీ ఈ పద్ధతి మారలేదు. బాడుగ ఎవరి ఫోనుకు వస్తుందని చూడరు. వాటా ఎవరిదని చూస్తారు. దస్తావేజులో వాటా రాయకపోతే ఎవరు ఎంత పెట్టారో దాన్నిబట్టి, అదీ తేలకపోతే సమానమని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం అంటుంది.

ఈ సంగతి విని పక్కింటాయన పరుగున వచ్చాడు. ఇల్లంతా ఆయన పేరనే ఉంది, డబ్బంతా ఆయనదే. "సగం మా ఇంటామెకు గిఫ్టు రాసిస్తా సార్, నాకూ తగ్గించండి" అన్నాడు. తగ్గదు. ప్రతిఫలం లేకుండా భార్యకు రాసిచ్చిన ఇంటికి పన్ను లెక్కలో ఇంకా భర్తే యజమాని. విడిగా బతకడానికి ఒప్పందం చేసుకుని ఇచ్చినదానికే మినహాయింపు. మొగుడి డబ్బుతో పెళ్ళాం పేరన కొన్నా బాడుగ తిరిగి మొగుడి ఆదాయంలోనే కలుస్తుంది. భార్య భర్తకిచ్చినా అంతే.

ఒక్క మాట నా మనసులోది. ఏ ఇంట్లోనైనా ఇల్లాలు వండిపెట్టి, పిల్లల్ని పెంచి, మేస్త్రీల దగ్గర నిలబడి కట్టించిన కష్టాన్ని ఈ లెక్క ఎక్కడా పట్టించుకోదు. అది నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది. అందుకే, ఆమె నిజంగా పెట్టిన రూపాయికైనా కాగితం పోకూడదని అడుగుతున్నాను.

ఇల్లు కొనబోతున్నవాళ్ళు ఆమె డబ్బు ఆమె బ్యాంకు ఖాతాలోంచే కట్టించండి. దస్తావేజు రాసేటప్పుడు ఎవరి వాటా ఎంతో రాయించండి. బాడుగలో ఆమె వాటా ఆమె ఖాతాకే వేయించండి. ఇప్పటికే కొన్నవాళ్ళు ఈ పూట బీరువా తెరవండి. కొర్లగుంట ఆమె తెచ్చిన నగల బిల్లు చూస్తే అక్షరాలు సగం వెలిసిపోయి, హారం బరువు వెలుతురుకు పెట్టి చదవాల్సి వచ్చింది. మీ ఇంట్లో అలాంటి బిల్లు ఉంటే పూర్తిగా చెరిగిపోకముందే జిరాక్సు తీయించి దస్తావేజుతోపాటే పెట్టుకోండి.

నమస్కారం.